మన్రోలందరిదీ ఒకే రక్తం కాదు, మన్రోలప్ప సంగతి అసలే వేరు

రెండు వారాలుగా నాకు నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకే పోస్టు వస్తోంది. చదువుకున్నవాళ్ళు, చరిత్ర అంటే ఇష్టం ఉన్నవాళ్ళు కూడా దాన్ని అలాగే ఫార్వర్డ్ చేస్తున్నారు. చూడనివాళ్ళ కోసం అందులో ఏముందో చెబుతాను. ప్రపంచంలో మన్రో అనే ఇంటిపేరు ఉన్నవాళ్ళంతా ఐర్లండు నుంచి స్కాట్లండుకు వచ్చిన ఒకే వీరుడి సంతానం అట. ఇంగ్లీషులో రాసిన పేరులో 'యు' అక్షరం ఉంటే స్కాట్లండువాళ్ళు, 'ఓ' ఉంటే ఐర్లండువాళ్ళు అట. సాహసం కోసం సముద్రాలు దాటి ప్రపంచమంతా పాకారట. కంపెనీ కాలంలో రాయలసీమకి కలెక్టరుగా చేసిన మన థామస్ మన్రో ఆ వంశపు కోటలో పుట్టిన దొర అట, కేరళలోని మన్రో తురుత్తు దీవులకీ, స్కాట్లండులోని మన్రో శిఖరాలకీ ఆయన పేరే పెట్టారట. మార్లిన్ మన్రో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ మన్రో మునిమనవరాలట. ఇక చివరి లైను: రాయలసీమలో మన్రోలప్ప అని పేరున్న కుటుంబాలు ఆయన రక్తం పంచుకు పుట్టినవే అట.

ఆ చివరి లైను లేకపోతే నేను ఇంత రాసేవాడిని కాదు. దాని దగ్గరికి వస్తాను, ముందు మిగతావి.

ఒకే రక్తం అన్న మాట నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే పోస్టు మొత్తం దాని మీదే నిలబడింది. స్కాట్లండు ఉత్తర భాగంలో, తూర్పు తీరాన, క్రోమార్టీ ఫర్త్ అనే సముద్రపు పాయ ఉంది. దాని ఉత్తరపు ఒడ్డున ఎవాంటన్ ఊరి దగ్గర ఫౌలిస్ కోట, అదే మన్రో వంశపెద్దల ఇల్లు. చుట్టుపక్కల కిల్టెర్న్, ఆల్నెస్ వంటి పారిష్‌లు, అంటే ఒక్కో చర్చి కిందికి వచ్చే ఊళ్ళు, కలిసిన ప్రాంతాన్ని ఫెరిన్‌డోనాల్డ్, అంటే డోనాల్డ్ భూమి అనేవారు. ఈస్టర్ రాస్ అనే ఆ సీమే ఈ పేరుకి పుట్టిల్లు, 19వ శతాబ్దపు జనగణనల్లో కూడా రాస్, క్రోమార్టీ ప్రాంతంలోనే మన్రోలు చాలా చిక్కగా కనిపిస్తారు. అంతవరకూ నిజమే. అయితే అక్కడ మామూలు రైతులకి, పశువుల కాపరులకి 17, 18 శతాబ్దాల దాకా స్థిరమైన ఇంటిపేరు అనేదే సరిగ్గా లేదు. గేలిక్ భాషలో ఫలానావాడి కొడుకు ఫలానా, వాడి కొడుకు ఫలానా అని తండ్రి, తాతల పేర్లతో చెప్పుకునేవారు. కౌలు రసీదులోనో చర్చి రిజిస్టరులోనో సైన్యం జాబితాలోనో ఇంటిపేరు రాయాల్సి వచ్చినప్పుడు, ఎవరి భూమిలో ఉంటే, ఎవరి రక్షణలో బతికితే ఆ దొర పేరు చాలామంది తీసుకున్నారు. ఇది ఒక్క మన్రోల సంగతే కాదు, హైలాండ్స్ అనే ఆ ఉత్తరపు కొండసీమలో పెద్ద వంశాలన్నిటా ఇదే జరిగింది.

ఇది మనవాళ్ళకి అర్థం కావడం కష్టం కాకూడదు. మన ఇంటిపేర్లలో సగం ఊళ్ళ పేర్లే కదా. ఒకే ఊరి నుంచి బయల్దేరిన నాలుగు కులాలవాళ్ళకి ఒకే ఇంటిపేరు ఉంటుంది, వాళ్ళంతా ఒకే తాత మనవలని ఎవరైనా అంటారా? సరిగ్గా అలాగే, మన్రో పేరున్న మగవాళ్ళు స్వచ్ఛందంగా చేయించుకున్న డీఎన్ఏ పరీక్షల్లో ఒక్క పితృవంశం కాదు, ఒకదానితో ఒకటి సంబంధం లేని చాలా వంశాలు బయటపడ్డాయి. అంతెందుకు, వంశపెద్ద సంగతే చూడండి. ఫౌలిస్ 11వ బారనెట్ (తరతరాలుగా వచ్చే బిరుదు) సర్ హెక్టర్ మన్రో 1935లో పోయారు, కొడుకు ఆయనకన్నా ముందే పోయాడు. వంశపెద్దరికం కూతురు ఈవా మారియన్‌కి వచ్చింది, ఆమె పెళ్ళాడింది గాస్కోయిన్ అనే ఇంటిపేరున్న కర్నల్‌ని. వాళ్ళ కొడుకు పాట్రిక్ తల్లి ఇంటిపేరు తీసుకుని వంశపెద్ద అయ్యాడు. మన భాషలో చెప్పాలంటే దౌహిత్రుడు వారసుడయ్యాడు. అందులో తప్పేమీ లేదు, పైగా బాగుంది కూడా, కానీ మగ సంతానపు తెగని రక్తధార అని ప్రచారం చేసేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇక ఐర్లండు వీరుడు. 11వ శతాబ్దంలో డోనాల్డ్ అనేవాడు ఐర్లండులో రో నది దగ్గర నుంచి వచ్చి, స్కాట్లండు రాజు రెండో మాల్కమ్‌కి సముద్రం మీద వచ్చి దాడులు చేసే వైకింగులతో యుద్ధంలో సాయం చేసి, బదులుగా ఈ భూమి పొందాడన్నది వంశంలో చెప్పుకునే కథ. దీన్ని నేను కొట్టిపారేయడం లేదు. గేలిక్‌లో మన్రోని రొహాక్ అన్నట్టు పలికే మాటతో పిలుస్తారు, దానికి 'రో దగ్గరివాడు' అనే అర్థం చెబుతారు, రో నది ఉత్తర ఐర్లండులో లిమవాడీ మీదుగా ఇప్పటికీ పారుతోంది. కానీ కథ వేరు, కాగితం వేరు. కాగితాల మీద ఈ వంశం గట్టిగా కనిపించేది 14వ శతాబ్దంలో, 1369లో చనిపోయిన రాబర్ట్ అనే ఆయనతో. మధ్యలో 300 ఏళ్ళు ఉన్నాయి. ఆ 300 ఏళ్ళని తరం తరం పేర్లతో నింపేసి, 'చరిత్రలో రుజువైంది' అని రాయడం మాత్రం అన్యాయం. వంశాచారం ప్రకారం అంటారు అని రాస్తే సరిపోయేది.

'యు', 'ఓ' అక్షరాల సిద్ధాంతం పూర్తిగా తప్పు, ఇందులో అటూ ఇటూ లేదు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రం పీఠం మీద తండ్రి, కొడుకు, మనవడు ముగ్గురూ అలెగ్జాండర్ మన్రోలే, 1720 నుంచి 1846 దాకా. మన మెడికల్ కాలేజీల్లో పిల్లలు మెదడు గురించి చదివేటప్పుడు వచ్చే ఫొరామెన్ ఆఫ్ మన్రో (మెదడులోని ఒక రంధ్రం) అనే మాట వాళ్ళలో రెండో ఆయన పేరు మీదుగా వచ్చింది. అచ్చమైన స్కాట్లండు కుటుంబం, పేరు రాసుకున్నది 'ఓ' తో. అటువైపు చూడండి, 1798లో ఐర్లండు తిరుగుబాటులో బాలినాహించ్ దగ్గర బ్రిటిషు పాలనని ఎదిరించిన యునైటెడ్ ఐరిష్ సేనని నడిపి, సొంత ఊరు లిస్‌బర్న్‌లోనే ఉరికంబం ఎక్కిన హెన్రీ మన్రో, నార బట్టల వ్యాపారి, ఐర్లండులో పుట్టి పెరిగినవాడు. ఆయన పేరు పుస్తకాల్లో 'యు' తో ఉంటుంది. అసలు ఐర్లండు ఉత్తర భాగంలో ఈ పేరు కనిపించడానికి చాలావరకు కారణం స్కాట్లండు నుంచి అటు వెళ్ళినవాళ్ళే. 1642లో స్కాట్లండు సైన్యం కారిక్‌ఫెర్గస్‌లో దిగినప్పుడు దాన్ని తీసుకెళ్ళింది రాబర్ట్ మన్రో అనే సేనాని, ఆయన 1646లో బెన్‌బర్బ్ దగ్గర ఐర్లండు సేనాని ఓవెన్ రో ఓనీల్ చేతిలో ఘోరంగా ఓడిపోయాడు. స్పెల్లింగ్ అంటారా, ఆ రోజుల్లో ఒకే మనిషి పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉండేది. రాసే గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా.

సాహసం కోసం ప్రపంచమంతా పాకారన్న మాట చదివితే మాత్రం బాధేసింది. కొందరు ఉద్యోగాల కోసం, వ్యాపారం కోసం వెళ్ళారు, నిజమే. కానీ అమెరికాలో మసాచుసెట్స్ వైపు ఈ పేరు ఎలా వెళ్ళింది? 1651 సెప్టెంబరు 3న వూస్టర్ యుద్ధంలో ఇంగ్లండు సేనాని క్రామ్‌వెల్ సైన్యం చేతిలో స్కాట్లండు సేన ఓడిపోతే, పట్టుబడ్డవాళ్ళని ఓడల్లో వేసి అమెరికాలోని న్యూ ఇంగ్లండ్‌కి, కొన్నేళ్ళు యజమానికి కట్టుబడి పనిచేయాల్సిన కూలీలుగా పంపేశారు. అలా వచ్చిన విలియం మన్రో లెక్సింగ్టన్ దగ్గర స్థిరపడ్డాడు. 1775 ఏప్రిల్ 19న అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో మొదటి కాల్పులు జరిగిన రోజున లెక్సింగ్టన్‌లో చనిపోయినవాళ్ళలో ఒక రాబర్ట్ మన్రో ఉన్నాడు. ఖైదీగా వచ్చిన కుటుంబం అది, సాహసయాత్రకి వచ్చింది కాదు.

స్వదేశంలో జరిగింది ఇంకా దారుణం. వంశపెద్ద తన పేరున్న జనానికి తండ్రిలాంటివాడని పోస్టులో రాశారు. అదే ఈస్టర్ రాస్‌లో నోవార్ ఎస్టేటు అని ఉంది, దాని యజమాని సర్ హెక్టర్ మన్రో. వంశపెద్ద హెక్టర్ వేరు, ఈయన వేరు, 1764లో బక్సర్ యుద్ధం గెలిచింది ఈయనే. గొర్రెల మీద లాభం ఎక్కువని కిల్డర్మోరీ మేత భూముల్ని బయటి నుంచి వచ్చిన ఇద్దరు కామెరాన్ సోదరులకి కౌలుకిచ్చాడు. స్ట్రాత్‌రస్‌డేల్ లోయలోని రైతుల పశువులకి మేత లేకుండా పోయింది. 1792లో జనం కలిసి ఆ గొర్రెలన్నిటినీ జిల్లా దాటించి తోలేయాలని బయల్దేరారు. గేలిక్‌లో ఆ సంవత్సరానికి 'గొర్రెల ఏడు' అనే పేరు నిలిచిపోయింది. సైన్యాన్ని పిలిపించి అణిచేశారు. 1820లో అదే నోవార్ కుటుంబం కల్‌రెయిన్‌లో రైతుల్ని ఖాళీ చేయించబోతే ముందు నిలబడి అధికారుల్ని అడ్డుకున్నది ఆడవాళ్ళు. దొర ఇంటిపేరు ఉన్నంత మాత్రాన హైలాండ్స్‌లో ఏ రైతు ఇల్లూ నిలబడలేదు. కెనడాలో, ఆస్ట్రేలియాలో, న్యూజీలాండ్‌లో ఇవాళ కనిపించే మన్రోల్లో ఇలా నేల పోగొట్టుకున్నవాళ్ళ మనవలు ఎందరో.

టార్టాన్ అనే స్కాట్లండు గళ్ళ బట్ట 'వెయ్యేళ్ళ నాటి గుర్తు' అని కూడా ఒక ముక్క ఉంది, దాని మీద ఎక్కువ రాయను. 1815లో లండన్‌లోని హైలాండ్ సొసైటీ వంశపెద్దల్ని మీ టార్టాన్ ఏదో చెప్పి నమూనా పంపండి అని అడగాల్సి వచ్చింది, అది ఒక్కటి చాలు. ఒక్కో పేరుకి ఒక్కో గళ్ళ బట్ట అనే పద్ధతి చాలావరకు 19వ శతాబ్దంలో స్థిరపడింది.

ఇప్పుడు మన థామస్ మన్రో. ఆయన కోటలో పుట్టలేదు. 1761లో గ్లాస్గో నగరంలో పుట్టాడు, తండ్రి అలెగ్జాండర్ అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారం చేసేవాడు, అక్కడ స్వాతంత్ర్య యుద్ధం రావడంతో ఆ వ్యాపారం కుప్పకూలింది. కుటుంబం ఇబ్బందుల్లో ఉన్నప్పుడు పిల్లాడు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో కేడెట్‌గా చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. అప్పుడు మద్రాసులో సైన్యాధిపతి ఎవరంటే ఆ నోవార్ హెక్టర్ మన్రోనే. ఇద్దరూ మన్రోలే, కానీ ఒకాయన నోవార్ జమీందారు, ఇంకొకాయన గ్లాస్గో వ్యాపారి కొడుకు. హెక్టర్ తన ఎస్టేటులో ఫైరిష్ కొండ మీద రాతి తోరణాలు కట్టించాడు, తాను 1781లో డచ్చివాళ్ళ దగ్గర గెలిచిన నాగపట్నం కోట గుమ్మం నమూనాలోనే వాటిని కట్టారని చెబుతారు. ఈ ఇద్దర్నీ ఒకరిగా కలిపేసిన ఫొటో కూడా ఆ పోస్టులో ఉంది.

కొల్లం దగ్గరి మన్రో తురుత్తు మూడో మనిషిది. కర్నల్ జాన్ మన్రో, ఆల్నెస్ దగ్గర టెనినిక్ కుటుంబంవాడు, 1810 నుంచి తిరువాన్కూరు సంస్థానంలో రెసిడెంటుగా, అంటే కంపెనీ ప్రతినిధిగా, కొంతకాలం దివానుగా కూడా ఉన్నాడు. ఆయన పేరే ఆ దీవులకి వచ్చింది. మన కలెక్టరు దొరకి ఆ దీవులతో పనేమీ లేదు.

శిఖరాల విషయంలో పోస్టు తప్పే, కానీ సరైన సంగతి ఇంకా ఆసక్తిగా ఉంది. స్కాట్లండులో 3,000 అడుగులు దాటిన కొండల్ని మన్రోలు అంటారు, ఇప్పటి లెక్కలో 282 ఉన్నాయి, వాటన్నిటినీ ఎక్కడం అక్కడ చాలామందికి జీవితాశయం. 1891లో ఆ జాబితా మొదట తయారుచేసింది సర్ హ్యూ మన్రో. ఆయన థామస్ మన్రోకి సొంత మనవడు, కొడుకు కాంప్‌బెల్ బిడ్డ! థామస్‌కి 1825లో వచ్చిన బారనెట్ బిరుదు లిండర్టిస్ పేరు మీద ఉంది. లిండర్టిస్ ఎస్టేటు ఉన్నది తూర్పున ఆంగస్ జిల్లాలో, ఫౌలిస్‌కి చాలా దూరం. అంటే కొండలకి తాత పేరు పెట్టలేదు, మనవడు పని చేశాడు కాబట్టి మనవడి పేరు వచ్చింది.

మార్లిన్ మన్రో సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. మన్రో అనేది ఆమె తల్లి గ్లాడిస్ పుట్టింటి పేరు, నటిగా 1946లో పెట్టుకుంది. అధ్యక్షుడు జేమ్స్ మన్రోకి పెరిగి పెద్దయినవాళ్ళు ఇద్దరు కూతుళ్ళే, ఒక్కగానొక్క కొడుకు పసితనంలోనే పోయాడు. కొడుకే మిగలని మనిషి నుంచి ఆ ఇంటిపేరు ఆమె తల్లి దాకా ఎలా వచ్చింది?

ఇక చివరి లైను.

మా అమ్మమ్మ వాళ్ళది పత్తికొండ వైపు. 1800లో నిజాం నుంచి కంపెనీ చేతికి వచ్చిన దత్త మండలాలకి మన్రో 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరు. పాలెగాళ్ళ పెత్తనం, కరువు, అడ్డదిడ్డమైన శిస్తుల మధ్య నలిగిపోయిన రైతుకి నేరుగా తన పేరు మీద పట్టా, తన పేరు మీద లెక్క వచ్చిన కాలం అది. శిస్తు భారం తక్కువేం కాదు, నేను ఆయన్ని దేవుణ్ణి చేయడం లేదు. కానీ గుడారం వేసుకుని ఊరూరా తిరిగి, తెలుగులో, కన్నడలో రైతులతో మాట్లాడిన దొర. తర్వాత మద్రాసు గవర్నరయ్యాక కూడా ఈ సీమని చూడటానికి వచ్చి 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. జనం ఆయన్ని మర్చిపోలేదు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకి కనిపించి మాట్లాడారని చెప్పుకుంటారు, కడప జిల్లా గండి క్షేత్రంలో బంగారు తోరణం చూశాడని చెప్పుకుంటారు, తిరుమలలో నైవేద్యం పెట్టే గంగాళానికి ఆయన పేరు ఉంది. పుట్టిన మగబిడ్డకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.

అది ఇంటిపేరు కాదు, పెట్టుకున్న పేరు. తండ్రి, తాత, ఇంటిపేరు అన్నీ వాళ్ళవే, మధ్యలో దొర పేరు కృతజ్ఞతతో చేరింది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కమ్యూనిస్టు ఇళ్ళల్లో లెనిన్ అని, స్టాలిన్ అని ఎంతమందికి పేర్లున్నాయి? వాళ్ళని రష్యా రక్తం అన్నారా ఎవరైనా? గోదావరి రైతులు కాటన్ దొర విగ్రహాలు పెట్టి దండలు వేస్తారు, అక్కడ ఎవరికీ ఇలాంటి ఆలోచన రాలేదే. రాయలసీమ రైతు ప్రేమగా బిడ్డకి ఒక పేరు పెట్టుకుంటే, దాన్ని పట్టుకుని 'రక్తం పంచుకు పుట్టినవే' అని రాయడం అంటే ఆ బిడ్డ తల్లి మీద నింద వేయడం. ఏ ఆధారమూ చూపకుండా, వందల కుటుంబాల మీద, ఒక్క లైనులో. ఆ పేరున్న ముసలాయన మనవరాలు మా గ్రూపులోనే ఉంది, ఆ పోస్టు చూసి ఏమీ అనకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయింది.

మిగతా తప్పులు మెల్లగా దిద్దుకోండి. ఫార్వర్డ్ చేసినవాళ్ళు ఆ చివరి లైను మాత్రం ఇవాళే తీసేయండి, తీసేశామని అదే గ్రూపులో చెప్పండి.