డి-షాకిల్ దొరవారికి విన్నపం

మహారాజశ్రీ డి-షాకిల్ దొరవారి సముఖమునకు, రేవు దగ్గర ఓడలెక్కి దారి చూపే పైలట్లు నమస్కరించి వ్రాయునది. మీరు క్షేమమేనని తెలుసు, పిన్నుతో మూసే D ఆకారపు ఉక్కు లంకె ఒళ్లు కదా. మా క్షేమం సంగతే మీతో మాట్లాడాలి.

ఓడ పక్కన వేలాడదీస్తే మేం బోటులోంచి ఎక్కే తాళ్ల నిచ్చెన, అదే పైలట్ నిచ్చెన, పూర్తి పొడవు అక్కర్లేనప్పుడు మీకు పిలుపొస్తుంది. ఎవరో నిచ్చెన తాళ్ల చుట్టూ ఒక తాడు మెలేసి, మిమ్మల్ని తగిలించి, చేతులు దులుపుకుంటారు. అరనిమిషం పని. చూడ్డానికి మహా గట్టిగా ఉంటుంది. బరువు పడగానే నిచ్చెన కిందికి జారుతుంది, పై మెట్టు వచ్చి మీ నెత్తిన కూర్చుంటుంది. ఇక నిచ్చెన బరువు, మనిషి బరువు, కింద బోటు లేచిపడే కుదుపు, అన్నీ ఆ మెట్టు కింద తాళ్ల మధ్య బిగించిన చాక్‌లనే చిన్న దిమ్మెల మీదా, వాటిని పట్టుకున్న సన్నని చుట్టుదారం మీదా పడతాయి. పాపం, మెట్టు వాలకుండా చూడటమే వాటి కొలువు. 18 మిల్లీమీటర్ల మందం మనీలా నార తాళ్లు పక్కకి రెండేసి ఉన్నాయి, ఒక్కొక్కటి కనీసం 24 కిలోన్యూటన్లు, అంటే దాదాపు రెండున్నర టన్నులు, మోయాలని రూలు. తమరి హయాంలో వాటికి పనే లేదు! దారం తెగి చాక్ ఊడిందంటే మెట్టు ఒరుగుతుంది, నిచ్చెన దభాలున ఇంకో మెట్టంత, 310 నుంచి 350 మిల్లీమీటర్లు, కిందికి దిగుతుంది. అప్పటికి పైలట్ కాలు ఒకటి బోటు మీద, ఇంకోటి నిచ్చెన మీద ఉండొచ్చు.

ఈ పనికి రోలింగ్ హిచ్ అనే ముడి ఉంది. ఒక్కో పక్క తాళ్ల జత మీద ఒక్కో మనీలా తాడుతో ముడేసి, రెండో కొసను డెక్‌కి వెల్డ్ చేసిన పాడ్-ఐ అనే ఉక్కు కన్నానికి కట్టాలి. రెయిలింగ్‌కి కాదు. బరువు పెరిగేకొద్దీ ముడి బిగుస్తుంది, భారం మెట్లను వదిలేసి తాళ్లలోకే పోతుంది. కాకపోతే ఆ ముడి వెయ్యడం రావాలి. తమరికి ఆ బాధ లేదు, పిన్ను తిప్పితే చాలు.

సోలాస్ అనే అంతర్జాతీయ ఓడల భద్రతా ఒప్పందం అయిదో అధ్యాయం 23వ నిబంధన ప్రకారం ఇదంతా బాధ్యత గల అధికారి దగ్గరుండి చూడాలి. ఆయనా వస్తాడు, సరిగ్గా పైలట్ రెయిలింగ్ దాటే వేళకి. చెక్‌లిస్టులో టిక్కు అప్పటికే పడి ఉంటుంది. "ఈ నిచ్చెన ఎక్కం" అంటే మాత్రం ఓడ ఆలస్యానికి కారణం మేమవుతాం.

మీకు కొలువు లేకుండా చెయ్యాలని కాదు మా మనవి. నిచ్చెన పూర్తి పొడవూ దించినప్పుడు, పైకొసన ఉండే థింబుల్ కళ్లను, అంటే లోపల లోహపు తొడుగున్న తాళ్ల ఉచ్చులను, పాడ్-ఐకి కలిపే పని మీదే. అక్కడే ఉండండి. నడిమెట్ల జోలికి రాకండి.

ఇట్లు,
మెట్టు మీద కాలు పెట్టబోయేవాళ్లం

తాజా కలం: నిచ్చెన అడుక్కి కట్టిన లాగుడు తాడు మీ చుట్టమే అనుకుంటాం. కట్టక తప్పదంటే చివరి స్ప్రెడర్ (నిచ్చెన మెలిపడకుండా ఆపే పొడవాటి మెట్టు) దగ్గరో, అంతకు పైనో కట్టి, ఓడ ముందువైపుకి లాగిపెట్టుకోమనండి. కింద వేలాడితే బోటుకి చిక్కుకుని, నిచ్చెనను మనిషితో సహా లాక్కుపోతుంది.