పొందూరు గారికి నమస్కారం

మా బావకి శ్రీకాకుళంలో హోల్‌సేల్ కిరాణా కొట్టుంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి చిన్న కొట్లవాళ్ళూ టిఫిన్ బళ్ళవాళ్ళూ వచ్చి సరుకు అరువుకి పట్టుకెళ్తారు. ఆ లెక్కంతా ఎర్ర అట్ట ఖాతా పుస్తకంలో ఉండేది. "సాఫ్ట్‌వేర్ అంటావు, రాత్రీ పగలూ ఆ డబ్బా ముందే కూకుంటావు, మా ఖాతాలు ఎక్కించలేవేటి?" అని మా అక్క ముందే అనేసరికి పౌరుషం వచ్చి, పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషతో, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌తో రెండు ఆదివారాల్లో రాసిచ్చేశాను. ఆర్నెల్లు మాట పడకుండా నడిచింది.

సంక్రాంతి దగ్గర పడుతోంది, బాకీల మెసేజ్‌లు పంపాలన్నాడు బావ. "ఊరి పేరు కూడా పెట్టరా, మన ఖాతాల్లో అప్పారావులే ఆరుగురున్నారు." న్యాయమే. ఊళ్ళ టేబుల్ వేరే ఉంది కాబట్టి దాన్ని కస్టమర్ల టేబుల్‌తో జాయిన్ చేసి, అంటే రెంటినీ కలిపి, ఒక్కో కాలమ్ పేరూ టైపు చెయ్యడానికి బద్ధకించి, స్టార్ పెట్టి అన్నీ లాగేశాను. డేటాబేస్‌ని అడిగే ఆ ప్రశ్ననే, అంటే అదే క్వెరీని, జమలు రాసే పేజీలో కూడా అతికించాను. 'టెస్ట్' అనే కస్టమర్‌ని 'టెస్ట్' అనే ఊళ్ళో పెట్టి చూస్తే బ్రహ్మాండంగా వచ్చింది. రాదా మరి!

మర్నాడు పొద్దున్నే బావ ఫోను, వెనకాల జాతరంత గోల. కొట్టుకెళ్ళేసరికి బజ్జీల బండి ఆవిడ తన ఫోన్ నా మొహం మీద పెట్టింది. "పొందూరు గారికి నమస్కారం. మీ ఊరు: పొందూరు. మీ బాకీ: 950 రూపాయలు."

"మాయమ్మ పెట్టిన పేరుంది గదా బాబూ నాకు, ఈ పొందూరెవులు పెట్టినారు?"

ఆవిడ వెనకాల నరసన్నపేట గారు, కళింగపట్నం గారు, ఇంకో ఇద్దరు పొందూరు గార్లు. పొందూరంటే లోకానికి సన్న ఖద్దరు, మా బావకి మాత్రం పదిహేడు బాకీలు.

డేటాబేస్ తెరిచి క్వెరీ నడిపితే తప్పేమీ లేదు. 'నేమ్' అని రెండు కాలమ్‌లు, ఎడమవైపు ఆవిడ పేరు, కుడివైపు పొందూరు, రెండూ శుభ్రంగా కనిపిస్తున్నాయి. మెసేజ్‌లు పంపేవాళ్ళని గంటసేపు అన్యాయంగా తిట్టాక వెలిగింది. ఆ వరస ప్రోగ్రాంలోకి వచ్చి ఆబ్జెక్టుగా, అంటే పేర్లు రాసిన గళ్ళ డబ్బాగా, మారేటప్పుడు కాలమ్ పేరే ప్రాపర్టీ పేరు, అంటే గడి పేరు, అవుతుంది, ఒక ఆబ్జెక్టులో ఒకే పేరుతో రెండు ప్రాపర్టీలు ఉండవు. ముందు ఆవిడ పేరొచ్చి 'నేమ్'లో కూర్చుంది, తర్వాత పొందూరు వచ్చి, బస్సులో తువ్వాలేసి ఆపుకున్న సీట్లోంచి మనిషిని లేపేసినట్టు, ఆవిణ్ణి లేపేసి తను కూర్చుంది. దీనికి పీహెచ్‌పీకీ డేటాబేస్‌కీ మధ్య మాటలు మోసే పీడీవో ఎర్రర్ కాదుగదా, చిన్న వార్నింగ్ కూడా ఇవ్వదు. చివరొచ్చినవాడిదే సీటు.

సరే, స్టార్లు తీసేసి, 'యాజ్' పెట్టి, కస్టమర్ పేరుకీ ఊరి పేరుకీ వేర్వేరు పేర్లిచ్చాను. మెసేజ్ సరిగ్గా వచ్చింది. టీ చెప్పాను. సగం తాగాక గుర్తొచ్చింది, రెండు టేబుళ్ళలోనూ 'ఐడీ' అని కూడా ఒక కాలమ్ ఉందని.

పేరు తప్పినా బాకీ తప్పలేదు కదా అని, నేను తిట్ల పనిలో ఉన్న గంటలో పొందూరు వాళ్ళు పదకొండుమంది మొత్తం 9,450 రూపాయలు కట్టేశారు. ఊళ్ళ టేబుల్లో పొందూరు ఐడీ 3, కస్టమర్ ఐడీని లేపేసి ఆ సీట్లోనూ అదే కూర్చుంది. ఆ జమలన్నీ ఆ ఊరివాళ్ళ ఖాతాలకి కాకుండా మూడో నంబరు కస్టమర్ ఖాతాకి వెళ్ళిపోయాయి. మొదట్లో చుట్టాల పేర్లే ఎక్కించాం కాబట్టి ఆ మూడో నంబరు మా పెదమావయ్య. ఆయనది పొందూరు కూడా కాదు, ఆమదాలవలస. మూడేళ్ళుగా 1,800 బాకీ, అడిగితే ఎండల మీదకీ వానల మీదకీ మాట మళ్ళిస్తాడు. ఇప్పుడాయన ఖాతా మైనస్ 7,650. జమ పడ్డప్పుడల్లా ఆ ఖాతా ఫోన్‌కి మెసేజ్ వెళ్ళేలా రాసిన ఘనుణ్ణీ నేనే.

నేను చేత్తో ఒక్కో జమా వెనక్కి తిప్పుతుండగానే ఆటో ఆగింది. మావయ్య రెండు పెద్ద సంచులతో దిగాడు. ఆటోవాడికి ఆయన డబ్బులివ్వడం అదే మొదటిసారి చూశాను.

"పండక్కి బియ్యం, బెల్లం, నూనె కట్టించు అల్లుడూ. ఇంకా మీరే నాకు బాకీ" అని బావకి ఫోన్ చూపించాడు.

"మావయ్యా, అది మీది కాదు, చూడండి, పేరు ఆమదాలవలస అని ఉంది" అన్నాన్నేను.

మావయ్య కళ్ళజోడు పెట్టుకుని తాపీగా చదివాడు. "ఉండనీరా. పేరుదేటుంది, డబ్బులు నావే గదా."