టన్నుకు ముప్పై మూడు వేలు పలికిన మేడమ్

మామిడి రైతుల కోసం మా కంపెనీ ఒక యాప్ చేసింది. తిరుపతి ఆఫీసులో నేను టెస్టర్‌ని. యాప్‌లో ఏమేం ఉండాలో తేల్చే ప్రొడక్ట్ ఓనర్‌గారు బెంగళూరులో ఉంటారు, బ్యాక్‌లాగ్‌లో, అంటే చేయాల్సిన పనుల జాబితాలో, అన్నీ ఆయనే రాస్తారు. మొన్న చిత్తూరు దగ్గర ఒక మండీలో యాప్‌ను మొదటిసారి వాడించి చూడాలన్నారు. "మీది ఆ ఊరే కదా, మీరు వెళ్లండి" అన్నారు. సొంత ఊళ్లో పరువు పోతే ఖరీదు ఎక్కువని ఆయనకు తోచలేదు.

మండీలో వాడించి చూడాల్సిన ఆ పని బ్యాక్‌లాగ్‌లో ఎలా రాసి ఉందో ముందు చెప్పాలి. "రైతుగా నాకు ధర మారిన వెంటనే తెలియాలి, తద్వారా నేను సంతోషిస్తాను." అంతే. ఫలానావాడిగా నాకు ఫలానాది కావాలి, ఇందుకోసం అని రాసే ఈ పద్ధతి 2001 ప్రాంతంలో ఇంగ్లండులో కనెక్స్‌ట్రా అనే కంపెనీలో పుట్టింది. ఎవరికి, ఏమిటి, ఎందుకు అన్నవి మరిచిపోకుండా వాళ్లు చేసుకున్న ఏర్పాటు. మా ఓనర్‌గారికి అది పూజలో సంకల్పం లాంటిది. గోత్రనామాలు తప్పు లేకుండా చెబితే ఫలం దానంతట అదే వస్తుంది. ఇలా రాసిన పనిని యూజర్ స్టోరీ అంటారు. దానికి మూడు ఉండాలని సాఫ్ట్‌వేర్ నిపుణుడు రాన్ జెఫ్రీస్ అదే 2001లో చెప్పాడు: కార్డు, దాని మీద నలుగురూ కూర్చుని మాట్లాడుకోవడం, పని సరిగ్గా అయిందని తేల్చే పరీక్ష. మాకు కార్డు ఉంది. పరీక్ష ఏమైనా ఉందేమోనని, పని అయిందనడానికి షరతులు రాసే యాక్సెప్టెన్స్ క్రైటీరియా గడిలోకి చూస్తే "పైన చెప్పినట్టు పనిచేయాలి" అని ఉంది.

పనుల వివరాలు తేల్చుకునే రిఫైన్‌మెంట్ మీటింగ్‌లో అడిగాను. "ఏ ధర సార్? వేలం ముగిశాక ఖాయమైనదా, మధ్యలో పలికే ప్రతిదీనా?"

"అన్నీ మనమే చెబితే డెవలపర్ల సృజన ఏం కావాలి?" అన్నారు. పని ఎంత పెద్దదో అంచనాగా మూడు పాయింట్లు వేయించి ముందుకు పోయారు. వేలం ముగిసి ధర ఖాయమైతే రైతుకు ఒకే ఒక్క సందేశం, పాట నడుస్తుండగా ఏమీ వెళ్లకూడదు అని రెండు ముక్కలు రాసి ఉంటే నాకు పరీక్షించడానికి ఏదో ఒకటి దొరికేది. డెవలపర్ మాత్రం పాపం సృజన చూపించాడు. చదవడం రానివాళ్లూ ఉంటారు కదా అని, ధర మారినప్పుడల్లా ఫోను ఆడగొంతుతో పైకి చదివేలా చేశాడు. రైతు దృష్టి తప్పిపోకూడదని శబ్దం కూడా పూర్తిగా పెంచాడు. ఆఫీసులో ఒక్కో అంకె నింపాదిగా కొట్టి విన్నప్పుడు ఆ గొంతు శ్రావ్యంగానే ఉంది.

మండీలో బేనీషా రాశి ముందు పాట మొదలైంది. ఆ రాశి తాలూకు రైతు, చొక్కా జేబులో మా యాప్‌తో, వ్యాపారుల వెనుక నిలబడ్డాడు. పాట పెరిగిన ప్రతిసారీ గుమాస్తా కుర్రాడు ట్యాబ్‌లో అంకె కొడుతున్నాడు. కాసేపటికి మిగతా వ్యాపారులు తప్పుకున్నారు. తలపాగా పెద్దాయన ఒక్కడే "ముప్పై ఒక్క వేలు" అన్నాడు. పాటగాడు ఒకటోసారి అనేలోపే వెనుక నుంచి "ముప్పై ఒక్క వేల రూపాయలు" అని ఒక ఆడగొంతు లేచింది. "మీ సరుకు కొత్త ధర" అన్న ముందు ముక్క ట్రాక్టరు చప్పుడులో కలిసిపోయింది.

పెద్దాయన వెనక్కి తిరగలేదు. ఆడమనిషి పోటీకి వచ్చిందని తిరిగి చూడడం చిన్నతనం అనుకున్నాడేమో. ఒకే ధరకు ఇద్దరు సిద్ధంగా ఉంటే పాట పెరగాల్సిందే. "ముప్పై ఒకటిన్నర" అన్నాడు. ఆవిడ ఏ తొణుకూ లేకుండా "ముప్పై ఒక్క వేల అయిదు వందల రూపాయలు" అంది. "ముప్పై రెండు!" ఆవిడా ముప్పై రెండే. బేరానికి వచ్చి ఇంత మర్యాదగా, ఇంత స్పష్టమైన ఉచ్చారణతో మాట్లాడే మనిషిని ఆ మండీ ఎన్నడూ చూసి ఉండదు. పాటగాడికి సంగతి అర్థమైందనే నా అనుమానం. కానీ శాతం లెక్కన కమీషన్ తీసుకునేవాడు ఎందుకు ఆపుతాడు? నేను జనాన్ని తోసుకుంటూ వెళ్లి ఫోను ఆపబోతే రైతు జేబు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండు నాయనా, బాగా పలుకుతోంది."

ముప్పై మూడు వేల దగ్గర పెద్దాయన ఇక పట్టలేక వెనక్కి తిరిగాడు. "ఎవరమ్మా నువ్వు? ఏ ఊరి పార్టీ?"

"ముప్పై మూడు వేల రూపాయలు" అంది రైతు జేబు.

"అయితే ఆమెకే ఇచ్చుకోండి!" అని తుండుగుడ్డ దులిపి వెళ్లిపోయాడు. మండీ యజమాని జనంలో నలువైపులా వెతికి, చివరికి కంపెనీ టీషర్టులో ఉన్న నా దగ్గరికి వచ్చాడు.

"సార్, మీతో వచ్చిన మేడమ్ ఎక్కడ? డబ్బు కట్టి సరుకు ఎత్తుకోవాలి."

"మేడమ్ ఫోనులో ఉన్నారు" అన్నాను. అబద్ధం కాదు కదా.

"పెట్టేశాక రమ్మనండి" అన్నాడు.

ఆ తర్వాతది రాయను. మా మేనమామకు అక్కడ నలుగురు తెలిసినవాళ్లు ఉండబట్టి సాయంత్రానికి బస్సెక్కాను.

బ్యాక్‌లాగ్‌లో పనులు తయారుచేసి స్పష్టంగా తెలియజెప్పే బాధ్యత ప్రొడక్ట్ ఓనర్‌దేనని, స్క్రమ్ అనే పని పద్ధతి నియమాలు చెప్పే 2020 నాటి స్క్రమ్ గైడ్‌లో ఉంది. ఆ వాక్యం ఉన్న పేజీని బస్సులోంచే ఆయనకు పంపాను. బొటనవేలు బొమ్మ పెట్టారు. తర్వాత ఫోను చేసి "ఇంతకీ రైతు సంతోషించాడా?" అని అడిగారు. ఆ కాసేపు చాలా సంతోషించాడని చెప్పాను. వెంటనే ఆ పనిని పూర్తయిన వాటిలోకి జరిపేసి, కింద కొత్తది రాశారు: "వ్యాపారిగా నాకు ఆ గొంతు మనిషిది కాదని తెలియాలి."

ఎలా తెలియాలని అడిగాను. రేపు ఉదయం ప్లానింగ్‌లో తేల్చుకుందాం అన్నారు. రేపు ఆయన సెలవట.