సవరణ: స్పోకుల లెక్క ఒక్కటే చాలదు

‘వంద కిలోలు దాటినవారు రోడ్డు సైకిలుకు 32 స్పోకుల చక్రాలు తీసుకోండి’ అని ఇంతకుముందు రాసినదానికి చిన్న వివరణ. ఆ సలహా ముఖ్యంగా వెనక చక్రానికి. బరువులో ఎక్కువ భాగం మోసేది అదే. ముందుదానికి సాధారణంగా 28 చాలు. అలాగని అంకె చూసి మురిసిపోవద్దు. వెనక చక్రంలో గేర్ల వైపు స్పోకులు బిగువుగా, అవతలివైపువి కాస్త వదులుగా ఉంటాయి. ఆ వదులు స్పోకులే చక్రం తిరిగినప్పుడల్లా సడలుతూ బిగుస్తూ, చివరకు హబ్బు (చక్రం నడిమి భాగం) దగ్గరి వంపులో పుటుక్కున తెగుతాయి. అందుకే బిగింపు సరిచూడని 36 స్పోకుల చక్రం కన్నా, పనితెలిసిన మెకానిక్ చేత్తో బిగించిన 32 మేలు. నడుమ సన్నబడే డబుల్ బటెడ్ స్పోకులు అర్భకంగా కనిపిస్తాయి గానీ, సాగే గుణం వల్ల ఎక్కువకాలం మన్నుతాయి. హైదరాబాద్‌లో నార్సింగి సైకిల్ ట్రాక్ మీద ఏ చక్రమైనా బాగానే నడుస్తుంది. మెహదీపట్నం గుంతల్లోకి దిగేవారు మాత్రం, ఫ్రేములో పట్టేట్లయితే, 32 మిల్లీమీటర్ల వెడల్పు టైరు వేయించుకోండి.