మా బడి గోడలు పాసయ్యాయి

గ్రామ ప్రజలకు నమస్కారం. మన ఊరి ప్రాథమిక పాఠశాల యాజమాన్య కమిటీ సాధించిన ప్రగతిని మీ ముందు పెట్టమని తోటి సభ్యులు నన్ను పురమాయించారు. కమిటీలో పదో తరగతి పాసైన మగాణ్ణి నేనొక్కణ్ణే కావడం ఇందుకు కారణం. తప్పి, మళ్లీ కట్టి పాసయ్యాననే సంగతి నివేదికకు అనవసరం.

ముందుగా ఈ "ప్రజలు" ఎవరో తేల్చుకోవాలి. బడిలో పిల్లలు 28 మంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో ముప్పాతిక వంతు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మన ఆంధ్రప్రదేశ్‌లో తరగతికి ముగ్గురు చొప్పున అయిదు తరగతులకు 15 మందిని ఎన్నుకుంటారు. ఆ పైన హెచ్చెమ్ గారు, ఇంకో టీచరు, వార్డు మెంబరు, అంగన్‌వాడీ టీచరు, ఏఎన్ఎం, మహిళా సమాఖ్య అధ్యక్షురాలు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారు గానీ అది ప్రజాస్వామ్యం రాకముందు పుట్టిన సామెత.

28 మంది పిల్లలూ 21 ఇళ్ల నుంచి వస్తారు. అందులో 15 ఇళ్లు కమిటీలోనే ఉన్నాయి. అంటే మేం జవాబు చెప్పాల్సిన ప్రజలు ఆరు ఇళ్లు. రెండు ఇళ్లవాళ్లు మిరప కోతలకు వెళ్లారు. ఒకాయన గట్టు తగాదా వచ్చిన దగ్గర్నుంచీ మాతో మాట్లాడడు. మిగిలిన మూడు ఇళ్లవారు ఈ నివేదికను శ్రద్ధగా చదవాలని మనవి.

కమిటీ ఎన్నిక 2024 ఆగస్టు 8న జరిగింది. రహస్య బ్యాలెట్ లేదు, చేతులెత్తి ఎన్నుకోవడమే. హాజరు కాగితాలు ఎగిరిపోతున్నాయని, కాస్త ఫ్యాను ఆపమని నేను చెయ్యెత్తాను. హెచ్చెమ్ గారు వెంటనే నా పేరు రాసుకున్నారు. చప్పట్లు పడ్డాయి. చప్పట్లు పడ్డాక అప్పీలు ఉండదు. ఫ్యాను మాత్రం ఎవరూ ఆపలేదు.

ఛైర్‌పర్సన్ నాకు వదిన వరస. ఆవిడ కూలి పనికి వెళ్తుంది కాబట్టి మీటింగులకు అన్నయ్య వచ్చి ఆవిడ కుర్చీలో కూర్చుంటాడు. మాట్లాడేదీ, టీ తాగేదీ, "చూద్దాం మాస్టారూ" అనేదీ ఆయనే. అయితే అన్నయ్యకు సంతకం రాదు. డ్వాక్రా పుణ్యమా అని వదినకు వచ్చు. అందుకని మీటింగు అవగానే తీర్మానాల పుస్తకాన్ని పొలం గట్టు మీదికి పంపిస్తాం. వదిన నాట్లు ఆపి, చెయ్యి చీర కొంగుకు తుడుచుకుని సంతకం పెడుతుంది. ఆ పుస్తకంలో ఆగస్టు పేజీ మీద నారుమడి బురదతో బొటనవేలి అచ్చు ఇప్పటికీ స్పష్టంగా ఉంది. మా కమిటీ క్షేత్రస్థాయిలో పనిచేస్తోందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఇక ప్రగతి. అన్నిటికన్నా వేగంగా సాగింది పేర్ల విభాగంలో. మాది తరతరాలుగా మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. 2022లో 117 నంబరు జీవో వచ్చి రాష్ట్రంలో బడులు ఆరు రకాలన్నది. మేం "ఫౌండేషనల్ స్కూల్ ప్లస్" అయ్యాం. ఆ ప్లస్ ఏమిటని అడిగిన సభ్యుణ్ణి మరుసటి మీటింగుకు పిలవలేదు. 2025లో ఆ జీవో రద్దయి, బడులు తొమ్మిది రకాలయ్యాయి. మేం "బేసిక్ ప్రైమరీ స్కూల్" అయ్యాం. మూడేళ్లలో బడుల రకాలు ఆరు నుంచి తొమ్మిదికి పెరిగాయంటే అది 50 శాతం వృద్ధి. దేశంలో ఏ రంగం సాధించింది ఇంత? ఈ కాలమంతా బడి మాత్రం అదే వేపచెట్టు పక్కన, అదే రెండు గదుల్లో, అయిదు తరగతులతో, ఇద్దరు టీచర్లతో అంగుళం కదలకుండా ఉంది. అదీ స్థిరత్వం. ఇక మిగిలింది "మోడల్ ప్రైమరీ" కావడం. అందులో తరగతికో టీచరు ఉంటారు. దానికి 60 మంది పిల్లలు కావాలి. ఊళ్లో కొత్తగా పెళ్లయిన జంటలతో మాట్లాడే బాధ్యతను ఏఎన్ఎం గారికి అప్పగించాం.

మధ్యాహ్న భోజనంలోనూ ఇదే ఊపు. గోరుముద్ద పోయి డొక్కా సీతమ్మ గారి పేరు వచ్చింది. పుస్తకాలు, సంచీలు ఇచ్చే విద్యా కానుక పోయి విద్యార్థి మిత్ర వచ్చింది. ప్రభుత్వాలు ఎన్ని మారినా కోడి మాత్రం గుడ్డుకు పేరు మార్చనివ్వలేదు. వారానికి అయిదు గుడ్లు అప్పుడూ గుడ్లే, ఇప్పుడూ గుడ్లే. నిజం చెప్పాలంటే పిల్లలకు మా నివేదికతో పని లేకుండా అందుతున్నది అదొక్కటే.

ఖమ్మంలో ఉన్న మా బావమరిదికి ఇదంతా ఫోన్లో గొప్పగా చెప్పాను. "మా దగ్గర 2022లో మన ఊరు-మన బడి అయింది. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చినయ్. మీకు ఒకటే కమిటీయా బావా?" అన్నాడు. ఆ జాలి నాకు నచ్చలేదు.

గోడల సంగతికొద్దాం. ఇది నా అభిమాన విభాగం. నాడు-నేడు మొదటి విడతలో బాగుచేసిన 15,715 బడుల్లో మాదీ ఒకటి. 2019 నవంబరు 14న మొదలైన ఆ పనుల్లో మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, బల్లలు, ఆకుపచ్చ బోర్డులు, రంగులు, ప్రహరీ అన్నీ ఉన్నాయి. చేయించింది తల్లిదండ్రుల కమిటీలే. అబద్ధం ఎందుకు, బడి నిజంగానే కళకళలాడింది. మా నాన్న చదివిన రోజుల్లో వానొస్తే సెలవు, ఎండొస్తే చెట్టు కింద చదువు. ఇప్పుడు గోడ నిండా బొమ్మలు, అచ్చులు, హల్లులు, ఎక్కాలు.

ఆ ఎక్కాల దగ్గరే చిన్న మెలిక పడింది. మా కమిటీ వచ్చాక వెలిసిన రంగుల్ని మళ్లీ దిద్దిన పెయింటరు ఏడో ఎక్కంలో ఏడెనిమిదులు 54 అని రాశాడు. ఎర్ర రంగుతో, నీలి అంచుతో, అరచేయంత అంకెల్లో. కమిటీ తనిఖీ చేసింది, ఫొటో తీసింది, బిల్లు మీద సంతకం పెట్టింది. ఆ ఫొటోలో నేనూ ఉన్నాను. 54 పక్కనే వేలు పెట్టి నవ్వుతున్నాను. మూడు నెలల తర్వాత పట్టుకున్నది ఎవరనుకున్నారు? వంట చేసే సుబ్బులక్క. పప్పు గిన్నె దించి చెమట తుడుచుకుంటూ గోడ వైపు చూసి, "ఏడు వరసల్లో ఎనిమిదేసి గుడ్లు పేరిస్తే 56 అవుతాయి గదయ్యా, రోజూ గుడ్లు లెక్కబెట్టేదాన్ని నాకు తెలీదా" అంది.

అత్యవసర సమావేశం పెట్టాం. గంటన్నర చర్చ జరిగింది. అన్నయ్య తేల్చేశాడు: "బిల్లు పాసైంది. బిల్లు పాసయ్యాక ఎక్కం కూడా పాసైనట్టే. ఇప్పుడు దిద్దితే అప్పుడు సంతకం పెట్టిన మనమే తప్పయినట్టు." తీర్మానం నెగ్గింది. సుబ్బులక్కను గోడ వైపు చూడకుండా వంట చేసుకోమని కోరాం.

అయినా ఆ 54 వల్ల మాకు ఆర్థిక విషయాల్లో కొంత వెసులుబాటు కలిగింది. తల్లికి వందనం పథకంలో పిల్లాడికి 15,000 అంటారు. తల్లి చేతికి వచ్చేది 13,000. మిగతా 2,000 బడుల అభివృద్ధి కోసం జిల్లా స్థాయిలో జమవుతుంది. అమ్మ ఒడి రోజుల్లోనూ మరుగుదొడ్ల నిర్వహణకని ఇలాగే పట్టేవారు. ఏ ప్రభుత్వమైనా తల్లి కొంగు ముడి ఎక్కడుందో బాగా తెలుసుకునే వస్తుంది. మా 28 మందికీ వచ్చిందనుకుంటే మా వాటా 56 వేలు, గోడ ఎక్కం ప్రకారం 54 వేలు. ఆ డబ్బును మేం ఇంతవరకూ కళ్లారా చూడలేదు. కాబట్టి రెండు లెక్కల్లో ఏదైనా మాకు సమ్మతమే.

కళ్లారా చూసేది సమగ్ర శిక్ష వాళ్ల కాంపోజిట్ గ్రాంటు. 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 10,000. అందులో పదోవంతు స్వచ్ఛత పనులకే వాడాలి. మిగిలిన 9,000తో సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు సామాను, చిన్న రిపేర్లు గడవాలి. బోరు మోటారు కాలిపోయి మూడో నెల. కుళాయి తిప్పితే ముందు గుర్రుమంటుంది, తర్వాత నిట్టూరుస్తుంది, ఆ తర్వాత ఒక చీమ వస్తుంది. మోటారు చుట్టించడానికి డబ్బు చాలలేదు. ఈలోగా మరుగుదొడ్లు పాడవకుండా తాళం వేశాం. వాడకపోవడం వల్ల అవి జిల్లాలోనే శుభ్రమైన మరుగుదొడ్లలో ఒకటిగా నిలుస్తాయని మా నమ్మకం.

చట్టంలోని 22వ సెక్షన్ మరో గురుతర బాధ్యత పెట్టింది. కమిటీ పాఠశాల అభివృద్ధి ప్రణాళిక రాయాలి. నిబంధనల ప్రకారం అది మూడేళ్ల ప్రణాళిక. కమిటీ పదవీకాలమేమో రెండేళ్లు. దీన్ని పొరపాటు అనుకునేవారికి పరిపాలన తెలియదు. మోటారు, ప్రహరీ గేటు, మూడో గది, పిల్లలకు చదవడం నేర్పడం, అన్నీ మూడో ఏట వేశాం.

మెగా పేరెంట్ టీచర్ మీటింగు గురించి చెప్పకపోతే నేరం. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు జరిగింది. తల్లులకు ముగ్గులు, తండ్రులకు తాడు లాగుడు పెట్టారు. కమిటీ ఒకవైపు, ప్రజలు ఒకవైపు అనుకున్నాం గానీ ప్రజలు చాలలేదు. చివరికి కమిటీయే రెండుగా చీలి తాడు లాక్కుంది. మా కమిటీలో భిన్నాభిప్రాయం బయటపడింది ఆ ఒక్కరోజే. తాడు తెగింది. మధ్యలో నిలబడి ఈల వేస్తున్న హెచ్చెమ్ గారికి మోకాలు చెక్కుకుపోయింది. ఫొటోలో అందరూ నవ్వుతున్నారు.

ఇక హాజరు. ఈ ఏడు అయిదుగురు పిల్లలు మండల కేంద్రంలోని ప్రైవేటు బడికి మారారు. బడుల లెక్కలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ భాషలో వాళ్లు "డ్రాప్‌బాక్స్"లో ఉన్నారు. పోస్టు డబ్బాలో వేసిన ఉత్తరం ఎక్కడికో చేరుతుంది గానీ డ్రాప్‌బాక్సులో పడ్డ పిల్లాడు కొత్త బడివాళ్లు తీసుకునేదాకా అక్కడే ఉంటాడట. ఆ ప్రైవేటు బడి పసుప్పచ్చ బస్సు ఉదయం ఏడూ ముప్పావుకు వచ్చి మా ప్రహరీ పక్కనే ఆగుతుంది, వేపచెట్టు నీడ బాగుంటుందని. మా మౌలిక వసతులు పొరుగు సంస్థలకూ ఉపయోగపడుతున్నాయని తీర్మానంలో రాసుకున్నాం. ఆ బస్సు ఎక్కేవాళ్లలో మా వైస్ ఛైర్మన్ గారి అబ్బాయి ఉన్నాడు. రూలు ప్రకారం పిల్లాడు బడి మానితే సభ్యత్వం పోతుంది. కానీ ఆయన సంతకం చాలా బాగుంటుంది.

మొన్న శనివారం ఈ ప్రగతినంతా ఫ్లెక్సీ మీద వేయించి ప్రహరీకి కట్టాం. గ్రాంటు డబ్బుతో కాదు లెండి, వార్డు మెంబరు గారు తన ఫొటో పెద్దదిగా వేస్తే ఇస్తానన్నారు. ఆవిష్కరణకు ఒక పిల్లతో చదివిస్తే బాగుంటుందని హెచ్చెమ్ గారు సుబ్బులక్క మనవరాల్ని పిలిచారు. మూడో తరగతి. పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో చూసే 2024 అసర్ సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ ప్రాంతాల ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదివేవాళ్లలో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతం. మా 28 మందిలో ఎంతమందో మేం చూసుకోలేదు, ఆ గడి మా ఫారంలో లేదు.

పిల్ల ముందుకొచ్చింది. రెండు జడలు, ఒక జడకి రిబ్బను ఊడిపోయింది. ఫ్లెక్సీ కేసి తలెత్తి చూసింది. వేలితో గాల్లో అక్షరం దిద్దుకుంది. "ప... గ... తి" అంది. ఆగింది. "పగతి" అంది. సుబ్బులక్క వంటగది గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది. రెండో మాట "నివేదిక". "ని... వే..." అని మళ్లీ వార్డు మెంబరు గారి ఫొటో వైపు చూసింది, అక్కడేమన్నా సాయం దొరుకుతుందేమోనని.

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. మేమూ కొట్టాం.

ఆ సాయంత్రమే మీటింగు పెట్టుకున్నాం. వచ్చే ఏడాది నివేదికలో ఒత్తులున్న మాటలు వాడకూడదని ఏకగ్రీవంగా తీర్మానించి, పుస్తకాన్ని పొలానికి పంపించాం.