పతకాల వయసును ఇంటర్‌కు రాసిచ్చేశాం

2025 అక్టోబర్‌లో బహ్రెయిన్‌లో జరిగిన ఆసియా యూత్ క్రీడల్లో మన దేశానికి 48 పతకాలొచ్చాయి. వాటిలో 13 స్వర్ణాలు. ఆ క్రీడల్లో తొలిసారి పెట్టిన కబడ్డీలో రెండు స్వర్ణాలూ మనవే. ఫైనల్లో అబ్బాయిలు ఇరాన్‌పై 35-32తో గట్టెక్కితే, అమ్మాయిలు అదే ఇరాన్‌ను 75-21తో చిత్తుచేశారు. ఇప్పుడు అందరి చూపూ సెనెగల్ రాజధాని డాకర్ మీద ఉంది. 2026 అక్టోబర్ 31న అక్కడ యూత్ ఒలింపిక్స్ మొదలవుతాయి. ఎవరిని ఎంపిక చేస్తారు, ఎన్ని పతకాలొస్తాయి అన్న చర్చ ఎలాగూ నడుస్తుంది. నా గొడవ వేరే.

డాకర్‌లో ఆడే పిల్లల వయసు పదిహేడు దాటకూడదు. మన లెక్కలో అది పదో తరగతి, ఇంటర్. తిరుపతిలో ఆ వయసు పిల్లలు ఎక్కడుంటారో వేరే చెప్పాలా? తెల్లవారుజామున తారకరామ స్టేడియం వైపు వెళ్లి చూడండి. స్పైక్స్ బూట్లు చేత్తో పట్టుకుని వచ్చే ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు కనిపిస్తారు. పదో తరగతి ఫలితాలొచ్చి హాస్టళ్లు తెరిచాక వాళ్లలో సగం మంది మళ్లీ కనపడరు. అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగులో పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, వారం చివర టెస్టు. ఔటింగ్ దొరికితే అదే పండగ. మైదానం సంగతి అడిగితే టెర్రస్ చూపిస్తారు.

వెయ్యి మంది ఆడితే పతకం ఒక్కడికే, సీటు కొట్టేవాళ్లు వందమంది ఉంటారు, మధ్యతరగతి తల్లిదండ్రులు ఆ ధైర్యం ఎలా చేస్తారు అంటారు. న్యాయమైన భయమే. కానీ చదువు మానేయమని ఎవరూ అనడం లేదు. సాయంత్రం ఒక గంట, గంటన్నర గ్రౌండ్‌కు వదిలితే ఏ ర్యాంకు పోతుందో ఎవరైనా లెక్క తీసి చూపించారా?

నిలబడిన వాళ్లను చూడండి. 2018లో బ్యూనస్ ఐరిస్ యూత్ ఒలింపిక్స్‌లో మనకు 13 పతకాలొచ్చాయి. తొలి స్వర్ణం ఎత్తిన వెయిట్‌లిఫ్టర్ జెరెమీ లాల్‌రిన్నుంగాకు అప్పటికి పదిహేనేళ్లు. మిజోరం నుంచి వచ్చిన ఆ పిల్లాడికి అన్నం, చదువు, బార్‌బెల్ మూడూ పుణెలో ఆర్మీ వాళ్లే ఇచ్చారు. బ్యూనస్ ఐరిస్‌లోనే పిస్టల్‌లో స్వర్ణం కొట్టిన మను భాకర్‌కు చదివిన బడిలోనే షూటింగ్ రేంజ్ ఉంది. ఆరేళ్లకు పారిస్ ఒలింపిక్స్‌లో రెండు కాంస్యాలు తెచ్చింది. అంతదూరం ఎందుకు, 2014లో చైనాలోని నాన్‌జింగ్ యూత్ ఒలింపిక్స్‌లో మన దేశానికి వచ్చింది రెండే పతకాలు. అందులో వెయిట్‌లిఫ్టింగ్ రజతం స్టువర్టుపురం కుర్రాడు రాగాల వెంకట రాహుల్‌ది. నాలుగేళ్లకే కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచాడు. అతన్ని పెంచింది హకీంపేట స్పోర్ట్స్ స్కూల్. అతను ఏ ర్యాంకుల హాస్టల్లోనో పడి ఉంటే ఆ రజతం ఎవరి మెడలో ఉండేదో.

ప్రతిభ మన దగ్గర లేక కాదు. 2022 జనవరిలో ఇందిరా మైదానంలో జాతీయ కబడ్డీ పోటీలు పెడితే తిరుపతి జనం చూపించిన ఉత్సాహం గుర్తుండే ఉంటుంది. చూడ్డానికి అంత ఇష్టపడే ఊరు, తన పిల్లల్ని మాత్రం ఆడనివ్వదు. మనవాళ్లు పతకం గెలిచొస్తే శాలువా కప్పడానికి ముందుంటారు. ఆడే రెండేళ్లు కాపాడటానికి మాత్రం ఎవరూ రారు. పదో తరగతి వరకు పీఈటీ ఉంటాడు, డిగ్రీకి వెళ్తే యూనివర్సిటీ జట్లుంటాయి. మధ్యలో ఇంటర్‌కే దిక్కులేదు. ప్రపంచం పిల్లల్ని జట్టులోకి తీసుకునేది సరిగ్గా అప్పుడే.

ఎస్వీ యూనివర్సిటీ దగ్గర స్థలముంది, స్టేడియముంది. హాస్టల్, కోచ్‌లు, ఇంటర్ పాఠాలు ఒకేచోట ఉండే ఆటల జూనియర్ కాలేజీ ఒకటి అక్కడ పెట్టడానికి అడ్డేమిటో ప్రభుత్వం చెప్పాలి. అది కట్టేలోపు చేయాల్సిన పని ఇంకొకటుంది, దానికి పైసా ఖర్చులేదు. కాలేజీలు గుర్తింపు రెన్యువల్‌కు వచ్చినప్పుడు ఇంటర్ బోర్డు అధికారులు మైదానాన్ని కాగితాల మీద కాకుండా నడిచి వెళ్లి చూడాలి. సాయంత్రం ఐదున్నరకు, చెప్పకుండా వెళ్తే ఇంకా మంచిది.