మాప్‌కర్రకు మూరెడు జాగా

తెలుగు నాట ఏ పాత వంటింట్లోకి వెళ్లినా గోడకు అడ్డంగా నల్లబండ అర ఒకటి కనిపిస్తుంది. పప్పు డబ్బాలు, ఉప్పు జాడీలు దాని మీదే. ఆ బండ మా కడపది. ఊరూరికీ అరలు పంచిపెట్టిన ఊరండీ మాది. అదే ఊళ్లో నేను రోజూ పొద్దున షటిల్ ఆడే ఇండోర్ హాల్లో (పేరెందుకులెండి, రేపు మళ్లీ అక్కడికే పోవాలి) మాప్‌కర్ర ఆనించుకోవడానికి మూరెడు జాగా లేదు.

ఇది పొరపాటని కొందరు అపార్థం చేసుకుంటున్నారు. కాదు. నేను ప్లాను చూశాను. వీఐపీ గది ఉంది, దానికి ఏసీ ఉంది, సోఫాలున్నాయి. శిలాఫలకానికి ప్రత్యేకంగా గోడే ఉంది. "స్టోర్ రూమ్ యాడుంది సార్?" అని అడిగితే ఇంజనీరు గారు నా వైపు జాలిగా చూసి, "ఆడుకునే చోట సామాన్లెందుకు సార్?" అన్నారు. అంత లోతైన మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

మొదట్లో మాప్ మెట్ల కింద కాపురం ఉండేది. అక్కడికి జనరేటర్ వచ్చింది. మాప్ బాత్రూంలోకి మారింది. అక్కడ అది ఏనాడూ ఆరిన పాపాన పోలేదు. ఆ తడి మాప్‌తోనే కోర్టు తుడిస్తే దుమ్ము ఎక్కడికీ పోలేదు, పల్చటి బురదై నాలుగు మూలలకూ సమానంగా పరుచుకుంది. సామాజిక న్యాయం అంటే అదే కదా. ఇప్పుడు అది అంపైర్ కుర్చీ వెనక నిలబడి ఉంటుంది. డబుల్స్‌లో ఐదో ఆటగాడు. "దీన్ని ఇంకెక్కడన్నా పెట్టకూడదా?" అని వాచ్‌మన్‌ను అడిగాను. "యాడ పెట్టమంటారో మీరే చెప్పండి సార్. నెత్తిన పెట్టుకోమంటే పెట్టుకుంటా" అన్నాడు.

డబుల్స్ కోర్టు మొత్తం 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు. ఇంత నేలను చూసుకోవడానికి పెద్ద విద్యలేమీ అక్కర్లేదు. వెడల్పాటి పొడి మాప్‌ను మధ్యలో ఎత్తకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి లాక్కెళ్లి, దుమ్ము బయట దులపాలి. చెమట చుక్క పడితే వెంటనే తుడవడానికి వేరే గుడ్డ. చెక్క నేల మీద నీళ్లు కుమ్మరించకూడదు, తాగి ఉబ్బుతుంది. బూటు కింద చేరిన ఇసుక గరుకు కాగితంలా పై పూతను గీకేస్తుంది కాబట్టి గుమ్మం దగ్గరే కాళ్లు తుడుచుకునే పొడవాటి పట్టా వేయాలి. మాకూ ఒక పట్టా ఉండేది. దాని మీద 'సుస్వాగతం' అని ఉందని వీఐపీ గదికి తీసుకుపోయారు.

ఇక గది సంగతి. ఆరడుగులకు ఎనిమిదడుగులు చాలు, కోర్టును ఆనుకుని ఉండాలి. మాప్‌లు తలకిందులుగా వేలాడదీయడానికి కొక్కేలు, ఒక కుళాయి, మురికి నీళ్లు పోయేందుకు తూము, ప్లగ్ పాయింట్, గాలాడే కిటికీ, శుభ్రం చేసే మందులకు తాళమున్న అర. కోర్టు మీద పరిచే మ్యాట్ తీస్తే చుట్టగా పెట్టడానికి పొడవాటి చోటు కూడా కావాలి. మడిచారో, ఆ మడత దగ్గర అది లేచి కూర్చుంటుంది, మన కాలు సరిగ్గా అక్కడే తగులుతుంది. బకెట్ల బండి సాఫీగా దొర్లాలంటే తలుపుకు గడప ఉండకూడదు.

ఈ చివరి మాట దగ్గరే కమిటీ వారికి మండింది. తిరుమల కొండకు గడప కాబట్టి కడప అయిందని చెప్పుకునే ఊళ్లో గడప లేని గది అడుగుతావా అని నిలదీశారు. నాది తప్పేనని ఒప్పుకున్నాను.

కుర్చీల గురించి ఎక్కువ చెప్పను. ఫంక్షన్లకు తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలను లాక్కుంటూ వచ్చి వెనక గీత దాటగానే గుట్టగా పేర్చారు. లాగిన ప్రతి కుర్చీ మ్యాట్ మీద తన సంతకం పెట్టి పోయింది. లాభం మాత్రం ఉంది. వెనక్కి పరిగెత్తి ఆడే షాట్లన్నీ మానేసి అందరం నెట్ దగ్గర ఆరితేరాం.

ఎట్టకేలకు పోయిన నెల గది కట్టారు. గడపతోనే. ప్రారంభోత్సవానికి అతిథి వచ్చారు. జ్యోతి ప్రజ్వలనకు కుందిని కోర్టు మధ్యలో, మ్యాట్ మీదే నిలబెట్టారు. ఫొటోల తోపులాటలో అది కాస్త ఒరిగి, సర్వీస్ గీత మీద గిద్దెడు నూనె పారింది. "మాప్ తేండి, మాప్!" అని అందరం అరిచాం. మాప్ కొత్త గదిలో కొక్కేనికి భద్రంగా వేలాడుతోంది. గదికి కొత్త తాళం. తాళం చెవి శాలువాతో పాటు అతిథి గారి కారెక్కి అప్పటికే రాజంపేట దారి పట్టింది.